వరద తీశాక కొట్టు ఎందుకు మూతపడుతుంది

(ఏలూరులో చిన్న వ్యాపారుల సమావేశంలో ఒక పన్నుల సలహాదారు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం అండి. వెనక దాకా వినపడుతోందా? తలుపు దగ్గర నిలబడ్డవాళ్లు లోపలికి వచ్చి కూర్చోండి, ముందు వరస కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయమేమో, అడగను.

నేను బెజవాడలో జీఎస్టీ, ఇన్‌కమ్ టాక్స్ రిటర్నులు వేసుకు బతికేవాణ్ణి. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు కొట్లున్నవాళ్లే. కిరాణా, ఎలక్ట్రికల్ సామాను, చీరల షాపు, పిండి మర, వెల్డింగ్, జిరాక్సు, ఇలాంటివి. వాతావరణం గురించి మాట్లాడేంత చదువు నాకు లేదు, నాకు తెలిసినవి లెక్కల పుస్తకాలు. 2024 బుడమేరు వరద తర్వాత ఆ పుస్తకాల్లో ఏం జరిగిందో చెప్తాను. మీకిక్కడ తమ్మిలేరు ఎటూ ఉంది, పైగా ఆ బుడమేరు కూడా చివరికి వచ్చి కలిసేది మీ కొల్లేరులోనే కదా, అంచేత ఇది పక్క ఊరి కథ అనుకోకండి.

ముందే ఒక మాట చెప్పేస్తాను, మధ్యలో లేచి వెళ్లేవాళ్లకి కూడా పనికొస్తుంది. నేను చూసినంతలో నీళ్లొచ్చిన వారంలో మూతపడ్డ కొట్లు తక్కువ. అందరూ బురద కడుక్కుని, సున్నం వేసుకుని, దసరాకల్లా షట్టరు ఎత్తారు. మూతపడినవి ఆ తర్వాత, సంక్రాంతి దాటాక, కొన్ని ఉగాది దాటాక. చేతిలో డబ్బు రొటేషన్ ఆగిపోయి మూతపడ్డాయి. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ ఐదారు నెలల గురించే.

ఆ రోజుల్లో ఏం జరిగిందో టీవీల్లో చూసే ఉంటారు, తొందరగా చెప్పేస్తాను. ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కుంభవృష్టి. బుడమేరు నీళ్లని వెలగలేరు దగ్గర్నుంచి కృష్ణలోకి మళ్లించే డైవర్షన్ కాలవ ఉంది, దానికి గండ్లు పడ్డాయి. అటు కృష్ణ చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, అంత నీరు ఎప్పుడూ రాలేదు, అంతకుముందు రికార్డు 2009 అక్టోబరుది. నదే నిండుగా ఉంటే కాలవ నీళ్లు ఎక్కడికి పోతాయి? ఊళ్లోకొచ్చాయి. సైన్యం కూడా వచ్చి మూడు గండ్లూ పూడ్చేసరికి సెప్టెంబరు 7 అయింది.

ఆ తేదీ గుర్తుందా? అదే రోజు వినాయక చవితి. ఇది మీకు వేరే చెప్పక్కర్లేదు. పండక్కి వారం ముందు కొట్టులో స్టాకు ఎలా ఉంటుంది? నిండుగా. హోల్‌సేలర్ దగ్గర నెల వాయిదా మీద తెచ్చిన సరుకంతా ర్యాకుల్లో ఉంటుంది, అమ్మింది మాత్రం ఇంకా ఏమీ ఉండదు. చవితి, దసరా, దీపావళి, ఈ మూడింటి మీదే సగం ఏడాది గడిచే చీరల షాపుకి ఆ వారం కంటే చెడ్డ వారం ఇంకోటి లేదు. అదే వరద జూన్‌లో వచ్చుంటే నష్టం సగానికి సగం తగ్గేది. మన ఖర్మ ఏంటంటే మనకి తుపానులు, వరదలు వచ్చే కాలమూ, మన పండగల సీజనూ ఒకటే. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న, కర్నూలు మునిగింది 2009 అక్టోబరు మొదట్లో. దీపావళికి ముందు ఎంత స్టాకు ఎక్కడ పెట్టాలి అనేది మన వైపు వ్యాపారి వేరేగా ఆలోచించుకోవాల్సిన విషయం, ఎవరూ ఆలోచించరు.

సరే, నీళ్లు తీశాయి. కొట్టు తెరిచారు. ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

కిరాణా కొట్టాయన సంగతి తీసుకుందాం. ఆయన నష్టం లెక్క రాయమంటే ఏం రాస్తాడు? బియ్యం బస్తాలు, పప్పులు, ఫ్రిజ్, కాటా. ఇవి కంటికి కనిపించే నష్టాలు. ఆయన రాయని పద్దు ఒకటుంది, అదే అన్నిటికంటే పెద్దది. అరువు ఖాతా. కాలనీలో చాలా ఇళ్లకి నెలవారీ ఖాతా ఉంటుంది, ఒకటో తారీఖు జీతం రాగానే కడతారు. వరద వచ్చింది సరిగ్గా ఒకటో తారీఖున! పుస్తకం నీళ్లలో నాని ముద్దయిపోయింది, బాల్‌పెన్ రాత కాబట్టి అక్కడక్కడా కనిపిస్తోంది, సరే, కనిపించినా ఎవరిని అడుగుతాడు? ఖాతా ఉన్న ఇంట్లో కూడా నడుం లోతు నీళ్లే కదా. పరుపు, టీవీ, బండి అన్నీ పోయిన మనిషిని పట్టుకుని పాత బాకీ ఇమ్మని అడగ్గలడా, రేపటి నుంచి ఆ మనిషి మొహం చూడాలి కదా. పెద్ద షోరూముకీ కాలనీ కొట్టుకీ తేడా ఇదే. షోరూము మునిగితే కొనేవాళ్లు ఊరంతా ఉంటారు, మరో బ్రాంచి ఉంటుంది. కాలనీ కొట్టువాడైతే తనూ మునుగుతాడు, తన గిరాకీ కూడా అదే నీళ్లలో మునుగుతుంది.

ఇంకోటి, దీన్ని తప్పుగా అర్థం చేసుకోకండి. ప్రభుత్వం మునిగిన ఇళ్లకి 25 కిలోల బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, ఉల్లిపాయలు, బంగాళదుంపలు పంచింది. పంచాల్సిందే, పంచకపోతే జనం ఏం తినాలి. కానీ ఇంటింటికీ 25 కిలోల బియ్యం వచ్చాక కిరాణా కొట్టులో బియ్యం ఎవరు కొంటారండి? కొట్టు కడిగి, అప్పు చేసి కొత్త సరుకు దింపిన ఆయన ఆ నెలంతా సబ్బులు, బ్లీచింగు, చీపుళ్లు, కొవ్వొత్తులు అమ్ముకున్నాడు. ఆ సాయం సరుకులో కొంతైనా ఆ వీధి కొట్ల ద్వారానే, కూపన్ల లెక్కన ఇచ్చి ఉంటే ఇటు జనానికీ అందేది, అటు కొట్టూ తిరిగేది అని నా అభిప్రాయం. అధికారులు ఒప్పుకోరు, మొదటి వారంలో కొట్లే తెరవలేదు కదా అంటారు. అదీ నిజమే. రెండో వారం నుంచైనా చేయొచ్చు కదా అని నేనంటాను.

అదే సమయంలో డబ్బు బయటికి వెళ్లేది మాత్రం ఆగలేదు. కొట్టు అద్దె ఉంది, కరెంటు బిల్లు ఉంది, హోల్‌సేలర్ పాత బిల్లు తీరిస్తేనే కొత్త సరుకు. ఇక డైలీ ఫైనాన్సు సంగతి మీకు తెలియంది కాదు, చేతికి ఎనిమిదిన్నర వేలు ఇచ్చి రోజుకి వంద చొప్పున వంద రోజులు లాగుతారు. వరద వచ్చిందని ఆ వంద ఆగదు. బ్యాంకు అప్పు ఉన్నవాడికి వాయిదా వెనక్కి జరుపుకునే దారైనా ఉంటుంది, డైలీ వాడి దగ్గర అదీ లేదు. పాత అప్పు తీర్చడానికి కొత్త అప్పు, దాని కోసం ఇంట్లో బంగారం, ఇలా సంక్రాంతి దాకా లాక్కొచ్చి, ఆ తర్వాత షట్టరు దించేశారు. పేపర్లో వరద వార్తలు అప్పటికే అయిపోయాయి. వాళ్లని ఎవరూ వరద బాధితుల కింద లెక్కపెట్టరు.

(సభలో ఒకరు: పరిహారం ఇచ్చారు కదండి?)

ఇచ్చారు. ఇవ్వలేదని నేను అనట్లేదు. ఇంకా చెప్పాలంటే దేశంలో చాలా చోట్ల దుకాణం సరుకుకి ఏమీ రాదు. విపత్తు సాయం నిబంధనలు చూడండి, ఇల్లు, పంట, పశువులు, పడవ, వల, మగ్గం వీటికి పద్దులున్నాయి, కొట్టులో సరుకుకి పద్దు లేదు. బెజవాడలో రాష్ట్ర ప్రభుత్వం వేరేగా ప్యాకేజీ ప్రకటించి చిన్న కొట్లకి 25 వేలు ఇచ్చింది. నమోదైన ఎంఎస్ఎంఈలకైతే, అంటే సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థలకైతే, టర్నోవరు 40 లక్షల లోపుంటే 50 వేలు, 40 లక్షల నుంచి కోటిన్నర దాకా లక్ష, ఆ పైన లక్షన్నర. ఇప్పుడు మీరే లెక్కేసుకోండి, కోటి రూపాయల టర్నోవరున్న ఎలక్ట్రికల్ షాపులో ఏ రోజు చూసినా 15, 20 లక్షల సరుకు ఉంటుంది. లక్ష వస్తే మంచిదే, కూలీలకీ సున్నానికీ సరిపోతుంది.

అయితే ఇందులో గమనించాల్సింది ఒకటుంది. నమోదైన ఎంఎస్ఎంఈ అన్నారు చూడండి. ఆ నమోదుకి ఉద్యం రిజిస్ట్రేషను అని 2020 జులై నుంచి ఉంది, పైసా ఖర్చు లేదు, ఆధారు, పాన్ ఉంటే ఫోన్లో మీరే చేసుకోవచ్చు. రెండు వేలు ఇవ్వండి చేసిపెడతాం అనేవాళ్లు మీ ఊళ్లోనూ ఉంటారు, ఇవ్వకండి. నాదెంత, చిన్న కొట్టు, నాకెందుకు అనుకున్నవాళ్లు చాలామంది ఆ రోజు క్యూలో నిలబడి బాధపడ్డారు.

ఇప్పుడు ఇన్సూరెన్సు. దీని మీదే ఎక్కువసేపు మాట్లాడతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ దెబ్బ తింటున్నారు.

మీలో బ్యాంకులో సీసీ లిమిట్, అంటే సరుకు మీద ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, ఉన్నవాళ్లు చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. స్టాకు మీద బ్యాంకువాళ్లు పాలసీ తీస్తారు, ప్రీమియం మీ ఖాతాలోంచే పోతుంది. ఆ పాలసీ కాగితం ఎప్పుడైనా చదివారా? అసలు చూశారా? (నవ్వులు) నవ్వకండి, బెజవాడలో క్లెయిము పెట్టేటప్పుడు బయటపడ్డవి ఇవే. ఒకాయనకి పాలసీ మీద పాత కొట్టు అడ్రసు ఉంది, సరుకు మునిగింది కొత్త కొట్టులో. ఇంకొకాయనకి కొట్టు అడ్రసు సరిగ్గానే ఉంది కానీ సరుకులో ముప్పాతిక భాగం వెనక వీధి గోడౌన్‌లో ఉంది, గోడౌన్ పాలసీలో లేదు. మరొకాయనకి రెన్యువల్ జరగనే లేదు, ఖాతాలో ప్రీమియానికి సరిపడా బ్యాలెన్సు లేక ఆగిపోయింది, ఎవరూ ఫోన్ చేసి చెప్పలేదు. బ్యాంకు చూసుకుంటుందిలే అనుకోకండి. బ్యాంకు చూసుకునేది బ్యాంకు డబ్బు.

అన్నీ సరిగ్గా ఉన్నా ఇంకో మెలిక. మీ లిమిటు పది లక్షలు, పాలసీ కూడా పది లక్షలకే తీస్తారు. కొట్టులో అసలు సరుకు ఇరవై లక్షలది. ఎనిమిది లక్షల సరుకు పాడైంది. మీకు ఎనిమిదీ వస్తాయనుకుంటారు, పాలసీ పది లక్షలుంది కదా అని. రావు. నష్టం లెక్కగట్టే ఇన్సూరెన్సు సర్వేయరు వచ్చి, నీ దగ్గరున్న సరుకులో సగానికే నువ్వు ఇన్సూరెన్సు చేశావు, కాబట్టి నష్టంలో సగమే ఇస్తాం అంటాడు. నాలుగు లక్షలు. అది కూడా ముందు అప్పు ఖాతాకే జమవుతుంది. ఇది మోసం కాదండి, పాలసీలో రాసున్నదే.

2021 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థల కోసం ఇన్సూరెన్సు కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ రెండు పాలసీలు తెచ్చింది. ఆస్తులూ సరుకూ కలిపి ఒక చోట ఐదు కోట్ల లోపుంటే భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష, ఐదు నుంచి యాభై కోట్ల దాకా భారత్ లఘు ఉద్యమ్ సురక్ష. మన కొట్లన్నీ మొదటి దాని కిందికే వస్తాయి. పాత ఫైర్ పాలసీలో ప్రీమియం తగ్గుతుందని వరద, తుపాను తీసేయించుకునే వీలుండేది, ఏజెంటు అదే చేసేవాడు, మనమూ చవగ్గా వచ్చిందని సంతోషించేవాళ్లం. ఇందులో వరద, తుపాను, భూకంపం లోపలే ఉంటాయి. తక్కువ విలువకి ఇన్సూరెన్సు చేసినా ఆ తేడా 15 శాతం లోపుంటే కోత పెట్టరు. ఇంటికెళ్లి మీ పాలసీ మీద ఏ పేరుందో చూసుకోండి. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, కొట్టు మూసున్న రోజుల్లో పోయిన లాభం ఇందులో రాదు, దానికి పాలసీ వేరే. చిన్న కొట్లకి అది తీసుకోమని నేను పట్టుబట్టను, ముందు సరుకు మీద సరైన పాలసీ ఉంటే చాలు.

క్లెయిము రోజున చేయాల్సింది. నీళ్లు తీయగానే మన ఆడవాళ్లు, పనివాళ్లు చేసే మొదటి పని అంతా వీధిలో పారేసి కడగడం. వాసన భరించలేం, నిజమే, మున్సిపాలిటీ వాళ్లు కూడా తీసేయమంటారు. కానీ తీసేముందు ఫోన్ పట్టుకుని ర్యాకు ర్యాకుకీ వీడియో తీయండి, గోడ మీద నీటి చార ఎంత ఎత్తులో ఉందో తీయండి, ఇన్సూరెన్సు కంపెనీకి ఆ రోజే ఫోన్ చేసి క్లెయిము నంబరు తీసుకోండి, ఆ తర్వాత పారేయండి.

బిల్లులన్నీ తడిసిపోయాయండీ అని ఏడ్చినవాళ్లున్నారు. జీఎస్టీ ఉన్నవాళ్లు అంత కంగారు పడక్కర్లేదు. మీకు సరుకు అమ్మినవాళ్లు వేసిన రిటర్నుల్లోంచి మీ కొనుగోళ్లు జీఎస్టీ పోర్టల్లో మీ 2బీ అనే పట్టీలో బిల్లు నంబరుతో సహా ఉంటాయి. పాత స్టాకుకి ఆ కొనుగోళ్లు కలిపి, మీ అమ్మకాల్లో లాభం పోను అసలు ధర తీసేస్తే వరద ముందు రోజు కొట్టులో ఎంత సరుకుందో లెక్క తేలుతుంది. జీఎస్టీని తిట్టుకోని రోజుండదు మనకి, కానీ ఆ వరదలో నీళ్లలో తడవని ఖాతా పుస్తకం అదొక్కటే. అయితే సగం అమ్మకాలు బిల్లు లేకుండా చేసినవాళ్లకి, సగం సరుకు బిల్లు లేకుండా కొన్నవాళ్లకి ఈ లెక్క కుదరదు. ఆ సరుకు మునిగినా మునిగినట్టు చూపించలేరు. పేర్లు చెప్పనులెండి. (నవ్వులు)

ఆ జీఎస్టీలోనే ఇంకో దెబ్బ ఉంది. చట్టంలో సెక్షను 17(5)(హెచ్) అని ఒకటుంది. పోయిన సరుకు, పాడైన సరుకు, పారేసిన సరుకు మీద మీరు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టిన పన్నుకి వచ్చిన మినహాయింపు, వెనక్కి కట్టేయాలి. పది లక్షల ఎలక్ట్రికల్ సామాను, 18 శాతం పన్ను, మునిగిపోయింది, లక్షా ఎనభై వేలు ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. అమ్మకం లేదు, సరుకు లేదు, పన్ను మాత్రం ఉంది. సాయంగా ఇచ్చింది లక్ష, వెనక్కి తీసుకునేది లక్షా ఎనభై. ప్రకృతి విపత్తుగా ప్రకటించిన చోటైనా దీనికి మినహాయింపు ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను, మీ సంఘాల తరఫున అడగాల్సిన మొదటి విషయం ఇదే. అది వచ్చేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. పాలసీలో సరుకు విలువ జీఎస్టీతో కలిపి రాయించుకోండి, కలిపే రాస్తున్నామని ఏజెంటుతో రాతపూర్వకంగా అనిపించుకోండి.

బ్యాంకు సంగతి క్లుప్తంగా. రాష్ట్రం విపత్తు ప్రకటించాక బ్యాంకర్ల కమిటీ కూర్చుంటుంది, రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మునిగిన ప్రాంతాల్లో అప్పుల వాయిదాలు వెనక్కి జరపొచ్చు, కొత్త అప్పు కూడా ఇవ్వొచ్చు. దానికి గడువుంటుంది. మీ అంతట మీరు వెళ్లి దరఖాస్తు ఇవ్వాలి, మేనేజరు మీ ఇంటికి రాడు. మూడు వాయిదాలు ఎగ్గొట్టాక వెళ్తే అప్పటికే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ, ఇక వరద కథ చెప్పినా వినడు.

వరద కాకుండా ఒక్క విషయం. నీళ్లు రాకపోయినా దెబ్బ తగలొచ్చు. తిత్లీ పలాస దగ్గర తీరం దాటింది. అక్కడ జీడిపప్పు ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి, అన్నీ చిన్నవే, పనిచేసేది ఎక్కువగా ఆడవాళ్లు. రేకులు లేచిపోతే కొత్త రేకులు వేసుకోవచ్చు, కరెంటు కొన్నాళ్లకి వస్తుంది. కానీ ఉద్దానంలో జీడితోటలు వేళ్లతో సహా పడిపోయాయి. కొత్త మొక్క నాటితే కాపుకి రావడానికి మూడు నాలుగేళ్లు. అంటే మీ ఫ్యాక్టరీ చెక్కుచెదరకపోయినా జీడిపిక్కలు బయటినుంచి తెచ్చుకోవాలి, ఆ ధర మీ చేతిలో ఉండదు, ధర కుదరనప్పుడు పని ఆపేస్తే కూలి పోయేది పిక్క కొట్టే ఆవిడకి. హుద్‌హుద్‌లో విశాఖ చూడండి, గాలి ఒక్క రోజే, కరెంటు, ఫోన్లు లేక వర్క్‌షాపులు ఆగింది మాత్రం రోజుల తరబడి. ఇప్పుడైతే అమ్మకాలన్నీ ఫోన్ మీదే, టవరు పడిపోతే గల్లాలో చిల్లర కూడా ఉండదు. కాబట్టి మీ సరుకు ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి వాన కూడా మీకు సంబంధించిందే. ఏలూరు తివాచీలవాళ్లు ఎవరైనా ఉంటే ఉన్ని ఎక్కడి నుంచి వస్తోందో, అది ఆగిపోతే ఎన్ని రోజులు నెట్టుకురాగలరో ఒకసారి ఆలోచించుకోండి.

నా మాటలు ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(ప్రశ్న: కొట్టు మాది కాదండి, అద్దెది. ఓనరు ఇన్సూరెన్సు చేయనంటున్నాడు. మేమేం చేయాలి?)

ఓనరుతో పనిలేదండి. బిల్డింగు ఆయనది, ఆయన ఇష్టం. లోపలున్న సరుకు, ఫర్నిచరు, ఫ్రిజ్, కంప్యూటరు మీవి, వాటికి మీ పేరు మీద మీరే తీసుకోవచ్చు. అద్దె ఒప్పందం కాగితం మాత్రం ఉంచుకోండి, ఆ అడ్రసులో మీ కొట్టుందని చూపించడానికి అది కావాలి. నోటిమాట మీద నడుస్తుంటే ఈ నెలలోనే రాయించుకోండి.

(ప్రశ్న: సరుకు సీజన్లో ఎక్కువ, మిగతా నెలల్లో తక్కువ ఉంటుంది. ఎంతకి తీసుకోవాలి?)

సీజన్లో ఎక్కువగా ఎంత ఉంటుందో అంతకి. లేదంటే ఆ రెండు మూడు నెలలకి విలువ పెంచుతూ ఎండార్స్‌మెంటు రాయించుకోవచ్చు, ఆగస్టు మొదట్లోనే అడగండి. తుపాను హెచ్చరిక టీవీలో వచ్చాక వెళ్తే ఎవరూ రాయరు.